సుజుకిలంతా ఒకే వంశం వాళ్ళా?

జపాన్‌లో ఎటు చూసినా సుజుకిలే ఎందుకుంటారు, వాళ్ళంతా కార్ల కంపెనీ వాళ్ళకి చుట్టాలా అని అడిగారు. నేను హమామత్సులో ఉద్యోగం చేశాను. ఆ ఊళ్ళో ఈ పేరు మరీ ఎక్కువ. ఆఫీసుకి ఫోన్ చేసి "సుజుకి సాన్ (సుజుకి గారు) ఉన్నారా?" అంటే, "ఏ సుజుకి సాన్?" అనే ప్రశ్నే ముందు వచ్చేది. అందుకే వాళ్ళని ఇంటిపేరుతో కాకుండా సొంతపేరుతో పిలిచేవాళ్ళం. అక్కడ ఆఫీసుల్లో మామూలుగా అలా పిలవరు.

ఈ పేరు పుట్టిల్లు హమామత్సు కాదు, వకయమ వైపున్న కుమానో ప్రాంతం. కోసిన వరిని పొలంలో గుంజ చుట్టూ వామిలా పేర్చడాన్ని అక్కడి యాసలో 'సుజుకి' అనేవారట. ధాన్యపు దేవత అందులోకి దిగివస్తుందని నమ్మకం. ఇప్పుడు ఈ పేరు రాయడానికి వాడే, 'గంట', 'చెట్టు' అనే అర్థాలున్న రెండు అక్షరాలు ఉచ్చారణ కోసం తగిలించినవే. కైనాన్ ఊళ్ళోని ఫుజిషిరో గుడి పక్కన సుజుకిల పాత ఇల్లు ఉంది. నేను వెళ్ళి చూశాను. గుడి ఆవరణలో పెద్ద కర్పూర వృక్షం, దాని మొదలు చుట్టూ గడ్డితో పేనిన లావుపాటి తాడు. సుజుకి ఇంటిపేరు ఉన్నవాళ్ళు తమ మూలం చూసుకోవడానికి దూరాల నుంచి ఇక్కడికి వస్తారు. ఈ పేరు మీద ఆసక్తి ఉంటే తప్పకుండా వెళ్ళండి.

మరి దేశమంతా ఎలా పాకింది? కుమానో దేవుళ్ళ భక్తిని ఊరూరా మోసుకెళ్ళినవాళ్ళలో సుజుకిలు ముఖ్యులు. వాళ్ళలో కొందరు మికావాలో, అంటే ఇప్పటి ఐచి తూర్పు భాగంలో, స్థిరపడ్డారు. 1590లో మికావా ప్రభువు తొకుగావా ఇయెయసు టోక్యో వైపు మకాం మార్చినప్పుడు మికావా సుజుకిలు కూడా కొందరు వెంట వెళ్ళారు. తూర్పు జపాన్‌లో ఈ పేరు ఇంత దట్టంగా ఉండటానికి ఇదొక కారణంగా చెబుతారు.

అయితే తొకుగావా వంశం దేశాన్ని ఏలిన 'ఎదో' యుగంలో (1603-1868) సామాన్యులు ఇంటిపేరు బయటికి చెప్పుకోకూడదు. 1870లో ప్రభుత్వం అనుమతిచ్చింది, 1875లో అందరికీ తప్పనిసరి చేసింది. పాతపేరు ఉన్నవాళ్ళు అదే రాయించుకున్నారు, లేనివాళ్ళు కొత్తగా పెట్టుకున్నారు. కాబట్టి ఇంటిపేరు కలిసినంత మాత్రాన రక్తసంబంధం ఉన్నట్టు కాదు. మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు గానీ, మనలాగా ఇంటిపేరు కలిస్తే పెళ్ళి కుదరదని అనుకోరు. సుజుకి అబ్బాయి సుజుకి అమ్మాయిని నిక్షేపంగా చేసుకోవచ్చు.

ఇక కంపెనీ పెట్టిన మిచియో సుజుకి హమామత్సు ప్రాంతంలో పత్తి రైతు కొడుకు. 1909లో మగ్గాల తయారీతో మొదలుపెట్టారు. కార్లు 1955లో గానీ రాలేదు.