సన్‌రూఫ్ మోటారుకు 42 వేలు: ఈఎంఐ పెట్టాలా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2014 మోడల్ కారు. సన్‌రూఫ్ సగం తెరుచుకుని ఆగిపోయింది. మోటారు పోయింది, సెట్టు మొత్తం మార్చాలి, 42 వేలవుతుందని సర్వీస్ సెంటర్‌లో అంటున్నారు. కారు అమ్మినా మూడు లక్షలు రావు. అత్యవసరాలకు దాచిన 60 వేలే చేతిలో ఉన్నాయి. క్రెడిట్ కార్డు ఈఎంఐలో చేయించుకోనా?

జవాబు: వద్దండి. సన్‌రూఫ్ ముందు మూసుకుంటే చాలు, తెరుచుకోవడం గురించి తర్వాత ఆలోచించవచ్చు. చాలా కార్లలో పైకప్పు లైటు దగ్గర కవరు తీస్తే అలెన్ కీతో మోటారును తిప్పి అద్దం మూసే వీలుంటుంది. మీ కారుకు ఎలాగో ఓనర్ మాన్యువల్‌లో చూడండి, లేదా మెకానిక్‌తో ఇవాళే చేయించండి. హైదరాబాద్‌లో వాన చెప్పి రాదు. నీళ్లు సీట్లలోకి, వైరింగ్‌లోకి దిగాయంటే మోటారు ఖర్చే నయమనిపిస్తుంది.

అద్దం మూసుకుంటే టెన్షన్ సగం పోతుంది. ఇక తొందరపడి అప్పు చేయాల్సిన పని లేదు.

తర్వాత ఒక మంచి ఆటో ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. స్విచ్ నొక్కినా చప్పుడే లేకపోతే మోటారు కంటే ముందు ఫ్యూజు, స్విచ్, వైరింగ్ చూడాలి. మోటారు తిరిగే చప్పుడు వస్తూ అద్దం కదలకపోతే కేబుల్ తెగిందేమో, పట్టాలు బిగుసుకున్నాయేమో చూడాలి. పట్టాల్లో దుమ్ము, ఎండిన గ్రీజు ఉంటే మోటారుపై భారం పడుతుంది. వాటిని శుభ్రం చేయకుండా కొత్తది వేస్తే అదీ త్వరగా పోవచ్చు.

లోపం మోటారులోనే ఉందని తేలితే పార్ట్ నంబరు తీసుకుని, మోటారు ఒక్కటే దొరుకుతుందేమో రాణిగంజ్ స్పేర్ పార్ట్స్ దుకాణాల్లో అడగండి. పాతది కొంటే ఎన్నాళ్లు గ్యారంటీ ఇస్తారో బిల్లు మీద రాయించుకోండి. ఎస్టిమేట్‌లో జీఎస్టీ, లేబర్, బిగించాక సన్‌రూఫ్‌ను మళ్లీ సెట్ చేసే పని అన్నీ కలిసి ఉన్నాయో లేదో అడగండి.

నా లెక్కలో అన్నీ కలిపి 15 వేలు దాటితే చేయించకండి. రిజిస్ట్రేషన్‌కు 15 ఏళ్లు నిండితే ఫిట్‌నెస్, రెన్యువల్, గ్రీన్ ట్యాక్స్ ఖర్చులు ఎలాగూ వస్తాయి. సన్‌రూఫ్ పనిచేస్తోందని కొనేవాళ్లు మీకు 42 వేలు ఎక్కువ ఇవ్వరు. నీళ్లు కారుతున్న మరక కనిపిస్తే మాత్రం ధర తగ్గిస్తారు.

ఇన్సూరెన్స్‌పై ఆశ పెట్టుకోకండి. మామూలు పాలసీల్లో ఇలాంటి ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్‌కు క్లెయిమ్ రాదు.

ఇక డబ్బు సంగతి. ఈఎంఐకి వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, వాటిపై 18 శాతం జీఎస్టీ పడతాయి. 60 వేలు కదపకండి. అద్దం మూసుకుంది కాబట్టి నెలకు 4 వేలు పక్కన పెడితే నాలుగు నెలల్లో 16 వేలవుతాయి, మోటారు అప్పుడు వేయించుకోవచ్చు. 15 వేలకంటే ఎక్కువ అడిగితే మోటారు కనెక్షన్ తీయించి, అద్దాన్ని అలాగే మూసి ఉంచండి. అలా ఉంచినా, వర్షాకాలానికి ముందు దాని డ్రెయిన్ పైపులు శుభ్రం చేయించడం మరిచిపోకండి. అవి మూసుకుపోతే అద్దం బిగించి ఉన్నా నీళ్లు లోపలికి వస్తాయి.