మూడు వారాల క్రితం పడ్డారు, ఇప్పుడు మగతగా ఉంటున్నారు

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి. గుండెకు స్టెంట్ వేసినందున రక్తం పలుచబడే మందులు వాడుతున్నారు. మూడు వారాల క్రితం రాత్రి మూత్రానికి లేచి, బాత్‌రూమ్ గుమ్మం దగ్గర పడిపోయారు. తలకు చిన్న బొప్పి కట్టింది. వాంతులు కాలేదు, స్పృహ తప్పలేదు కాబట్టి ఆస్పత్రికి వెళ్లలేదు. నాలుగు రోజులుగా మగతగా ఉంటున్నారు, నడిస్తే తూలుతున్నారు. వయసు వల్లేనా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, దీన్ని వయసు మీదకు నెట్టి ఇంట్లో ఉంచవద్దు. ఈ జవాబు చదివిన వెంటనే నాన్నగారిని సీటీ స్కాన్ సౌకర్యం ఉన్న ఆస్పత్రిలోని అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి. పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం చేరుతున్నదేమోనని నాకు గట్టి అనుమానంగా ఉంది. దీన్ని సబ్‌డ్యూరల్ హెమటోమా అంటారు. వయసు పెరిగే కొద్దీ మెదడు కొంత కుంచించుకుపోయి, దాని మీదుగా వెళ్లే సన్నని సిరలు సాగి ఉంటాయి కనుక చిన్న దెబ్బకే అవి చిట్లి, రక్తం కొద్దికొద్దిగా ఊరుతూ కొన్ని వారాల తర్వాత మెదడును నొక్కడం మొదలుపెడుతుంది. నాన్నగారు వాడే మందుల వల్ల ఆ ముప్పు ఇంకా ఎక్కువ. సకాలంలో గుర్తిస్తే, అవసరమైనవారికి పుర్రెకు చిన్న రంధ్రం చేసి ఆ రక్తాన్ని తీసివేస్తారు, చాలామంది తేరుకుంటారు. సోడియం, షుగర్ తగ్గినా మగత రావచ్చు కాబట్టి ఆ పరీక్షలూ చేస్తారు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే బయలుదేరే ముందే ఒకసారి చూడండి.

గాయాలతో అత్యవసర విభాగానికి వచ్చే వృద్ధుల్లో ఎక్కువమంది మేడ మీద నుంచి పడినవారు కారు, ఇంట్లో నిలబడిన చోటే పడినవారు. రోడ్డు దాటుతూనో, బండి వెనక కూర్చునో గాయపడేవారు ఆ తర్వాతే. ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్లే మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో 60 ఏళ్లు దాటినవారే అధికం. అయినా మన ఇళ్లలో ‘కాలు జారింది’ అన్న ఒక్క మాటతో విచారణ ముగిసిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. నాన్నగారు నిజంగా జారారా, లేక లేచి నిలబడగానే కళ్లు తిరిగాయా? పడుకున్నప్పటి కంటే నిలబడిన మూడు నిమిషాల్లోపు బీపీ పై అంకె 20 లేదా అంతకంటే ఎక్కువ తగ్గితే అదే కారణం కావచ్చు. బీపీ మాత్రలు, ప్రోస్టేట్ కోసం వాడే టామ్‌సులోసిన్ వంటివి ఇలా చేయగలవు. నిద్రమాత్రలు తూలేలా చేస్తాయి. కొన్ని షుగర్ మాత్రలు రాత్రివేళ షుగర్‌ను మరీ తగ్గిస్తాయి. గుండె లయ తప్పడం కూడా ఒక కారణమే కనుక ఈసీజీ తీయించమని అడగండి.

స్టెంట్ మందులను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు, స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఆ నిర్ణయం స్కాన్ చూశాక వైద్యులే తీసుకుంటారు. వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లి, తలకు దెబ్బ తగిలి మూడు వారాలైందని అక్కడ మొట్టమొదటే చెప్పండి. దారిలో మాట తడబడినా, ఒక చెయ్యో కాలో బలం తగ్గినా, లేపితే పలకకపోయినా సొంత వాహనంలో వెళ్లకుండా 108కు ఫోన్ చేయండి.