ఊళ్లో ఫ్లూ ఉన్నప్పుడు క్రూజ్ ఎక్కాలా? నేను ఎక్కాను, వినండి

మీ ప్రశ్న ఇది: వచ్చే నెల వైజాగ్ నుంచి చెన్నైకి మూడు రాత్రుల క్రూజ్ బుక్ చేసుకున్నారు, ఇప్పుడు ఊళ్లో ఏ ఇంట్లో చూసినా ఫ్లూ జ్వరాలే, డెబ్బై ఏళ్ల అత్తగారు కూడా వస్తున్నారు, వెళ్లాలా మానాలా?

అత్తగారిని తీసుకెళ్లకండి. మీ ఇద్దరూ వెళ్తే వెళ్లండి. నేను డాక్టర్ని కాను, వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఉండే బ్యాంకు ఉద్యోగిని. కానీ 2022 వర్షాకాలంలో సరిగ్గా ఇలాంటి ట్రిప్పే వేశాను. అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

అసలు మన ఊరికి క్రూజ్ వచ్చే కాలమే అలాంటిది. అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉండే వర్షాకాలంలో ఓడ ఇటు తిరుగుతుంది. మన దేశంలో ఫ్లూ బాగా ముదిరే కాలాలు రెండైతే, అందులో ఒకటి ఈ వానల కాలమే. రెండూ ఒకే నెలల్లో పడతాయి. పైగా వాన, గాలి వల్ల డెక్ మీద నిలబడేవాళ్లు తక్కువ. అందరూ లోపల ఏసీలోనే. "సముద్రపు గాలికి జలుబు ఎగిరిపోద్ది" అని మా మావయ్య ఒకటే చెప్పాడు. ఆ గాలి తగలాలంటే ఆర్కే బీచ్‌లో నిలబడితే చాలు, ఓడ టికెట్ అక్కర్లేదు.

మా కథకొస్తాను. నేను, మా ఆవిడ, అరవయ్యారేళ్ల మా అమ్మ, ఎనిమిదేళ్ల మా అబ్బాయి. రేపు ఓడ ఎక్కాలనగా సాయంత్రం వాడు స్కూలు నుంచి కళ్లెర్రగా వచ్చాడు. ఒళ్లు కాలిపోతోంది. క్లాసులో సగం మంది దగ్గుతున్నారట. నూరు శాతం హాజరుకి స్టేజీ మీద సర్టిఫికెట్ ఇచ్చే స్కూళ్లున్నంత కాలం పిల్లలు జ్వరంతోనే వెళ్తారు. ఈ బహుమతి కనిపెట్టినవాడెవడో ఒక్కసారి చూడాలని ఉంది.

ఇంట్లో కోవిడ్ కిట్‌తో చూశాం. నెగటివ్. అంతే, మాకు ప్రాణం లేచొచ్చింది. అప్పట్లో కోవిడ్ కాకపోతే అది జబ్బే కాదన్నట్టుండేది కదా. టికెట్ డబ్బులు వెనక్కి రావు. నెల జీతంలో సగానికి పైనే పెట్టాను. "రాత్రికి డోలో సిరప్ పడితే పొద్దున్నకి తగ్గిపోద్ది" అన్నాను. అమ్మ మాత్రం "ఏట్రా, పిల్లోడికి ఒళ్లు బాగోనప్పుడు ఓడలేటి?" అంది. వినలేదు.

అప్పటికి ఇప్పుడున్న క్రూజ్ టెర్మినల్ లేదు, అది 2023లో ప్రారంభమైంది. పోర్టులో లైన్లో నిలబెట్టి ఒక ఫారం ఇచ్చారు. జ్వరం, దగ్గు, జలుబు ఉన్నాయా అని. మా ఆవిడ పెన్ను పట్టుకుని నా మొహంలోకి చూసింది. నేను పెన్ను తీసుకుని "లేవు" దగ్గర టిక్కు పెట్టేశాను. నుదుటి దగ్గర పెట్టి చూసే థర్మామీటరు వచ్చేలోపు వాడి నుదురు తడి కర్చీఫుతో రెండుసార్లు తుడిచాను. అది పీప్ మంది, అమ్మాయి "ఓకే సర్" అంది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నేనేదో గెలిచినట్టు అనిపించింది.

కిటికీ లేని గది. అదే చవక. లైటు తీస్తే పగలో రాత్రో తెలియదు. కింద రెండు పడకలు, పైన రెండు. వాడు నానమ్మ పక్కన తప్ప పడుకోనన్నాడు. మూడు రాత్రులూ అమ్మ వాడిని పొదువుకుని పడుకుంది, నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ. ఓడలో డాక్టరున్నారు. చూపించలేదు. చూపిస్తే గదిలోంచి బయటికి రావద్దంటారని భయం. టికెట్లకి అంత డబ్బు పోసి, చివరికి గదిలో కూర్చోవడమా అనిపించింది.

చెన్నైలో దిగి ఒక రాత్రి ఉండి కోరమాండల్ ఎక్కాం. వాడు అప్పటికి గెంతుతున్నాడు. విజయవాడ దాటాక అమ్మ శాలువా కప్పుకుని "ఫ్యాను ఆపరా" అంది. అది ఏసీ బోగీ. మర్నాడు సాయంత్రానికి ఆయాసం. ఇన్‌ఫ్లుయెంజా ఏ, అంటే ఫ్లూయే అని తేలింది. ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు మాత్రలు రోజుకి రెండు, ఐదు రోజులు వేశారు. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుందని, సరైన సమయానికే తెచ్చామని డాక్టరుగారు అన్నారు. నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. ఆసుపత్రి బిల్లు ఓడ టికెట్లకి రెండింతలు.

తర్వాత తెలిసినవి చెబుతాను. ఈ ఫ్లూ ఒంట్లోకి వెళ్లాక బయటపడడానికి ఒకటి నుంచి నాలుగు రోజులు పడుతుంది. లక్షణాలు రాకముందు రోజు నుంచే పక్కవాళ్లకి అంటించొచ్చు. అంటే గేటు దగ్గర ఎంత గట్టిగా చూసినా కొందరు లోపలికి వచ్చేస్తారు. 2020లో జపాన్‌లోని యోకోహామాలో ఆపేసిన డైమండ్ ప్రిన్సెస్ అనే క్రూజ్ ఓడ గుర్తుందా? అది కోవిడ్, ఫ్లూ కాదు. అయినా 3,711 మందిలో 712 మందికి పాకింది. ఒకే లిఫ్టులు, ఒకే భోజనాల హాలు. మీరు ఓడ శుభ్రంగా ఉంటుందా అని అడుగుతారు. శుభ్రంగానే ఉంటుంది. గొడవ ఓడతో కాదు, టికెట్ డబ్బులు పోతాయని టిక్కు పెట్టే నాలాంటి వాళ్లతో. ప్రతి ట్రిప్పులో పదిమందైనా ఉంటారని నా లెక్క. కాదనేవాళ్లు ఒకసారి రాత్రి భోజనాల హాల్లో కళ్లు మూసుకుని దగ్గులు లెక్కపెట్టండి.

మీరు వెళ్లేటట్టయితే ఫ్లూ టీకా ఇవాళే వేయించుకోండి. అది పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది, మీకు నెల ఉంది. తేదీ మార్చుకోవచ్చేమో ఇప్పుడే ఫోన్ చేసి అడగండి, చివరి రోజు అడిగితే ఎవరూ పలకరు. అత్తగారికి టీకా వేయించినా సరే, ఈసారికి ఇంట్లోనే ఉంచండి. అరవయ్యైదు దాటినవాళ్లకి ఇది మామూలు జ్వరంలా పోదు.

ఇంకొక్కటి. ఓడలో మా టేబుల్ దగ్గర అనకాపల్లి నుంచి వచ్చిన రిటైర్డ్ మాస్టారు, ఆయన భార్య కూర్చునేవారు. ఇద్దరికీ డెబ్బై దాటి ఉంటాయి. రెండో రోజు ఆవిడ సంచిలోంచి నువ్వుండ తీసి మావాడి నోట్లో పెట్టింది. వాడు ఆవిడ మొహం మీదే దగ్గాడు. "ఏసీ పడలేదండి" అన్నాను. "పిల్లలకి అంతే బాబూ" అని ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుంది. దిగేటప్పుడు మాస్టారు నంబరు ఇచ్చి, ఇంటికి రమ్మన్నారు. "అనకాపల్లి మాస్టారు ఓడ" అని ఫోన్లో ఇంకా అలాగే ఉంది. అమ్మ ఆసుపత్రి నుంచి వచ్చాక రెండుసార్లు ఆ పేరు తెరిచి, నొక్కకుండా మూసేశాను.