పొదల నేల మునిగితే వేరే చోట మొక్కలు నాటితే సరిపోతుందా?

చెన్నై తాగునీటి కోసం ఊత్తుక్కోట్టై వైపు మీ ఊరి పక్కన జలాశయం కడతారని, ముళ్లపొదల భూమి మునుగుతుందని, బదులుగా వేరే చోట రెట్టింపు విస్తీర్ణంలో మొక్కలు పెంచుతారని, అది సరైన పరిహారమేనా అని అడిగారు. నా అనుభవంలో చాలాసార్లు కాదు. పొదల్లో బతికే జీవికి చెట్ల తోపు ఇల్లు కాదు.

చెన్నైలో తొమ్మిదేళ్లు ఇలాంటి ప్రాజెక్టుల పర్యావరణ ప్రభావ నివేదికల కోసం ఫీల్డ్ సర్వేలు చేశాను. తిరువళ్లూరు జిల్లాలో ఒక చెరువును లోతు చేసే పనికి మమ్మల్ని మే నెలలో పంపారు. అయిదు రోజులు తిరిగాం. చెరువు నెర్రెలిచ్చి ఉంది. కాకులు, గోరింకలు, రెండు పాలపిట్టలు, అంతే. ‘చెప్పుకోదగ్గ వన్యప్రాణులు లేవు’ అన్న వాక్యం నేనే రాశాను. డిసెంబరులో వేరే పని మీద అటు వెళ్తే, అదే చెరువు అంచున మోకాలి లోతు నీళ్లలో ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు బారులు తీరి నిలబడి ఉన్నాయి. ఆ తర్వాత చెరువు తవ్వారు. ఏటవాలుగా ఉండే అంచు గోడలా నిటారైంది. నీళ్లు ఎక్కువ నిలిచాయి, నిజమే. కొంగ కాలు మోపే చోటు మాత్రం పోయింది. ఆ వాక్యం రాసినందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

మనవైపు దీనికి పెద్ద ఉదాహరణ కడప జిల్లా ముళ్లపొదల్లో బతికే అరుదైన పిట్ట, కలివికోడి. మా అమ్మమ్మగారిది బద్వేలు దగ్గర పల్లె కాబట్టి ఆ పేరు చిన్నప్పటినుంచీ విన్నదే, పిట్టను మాత్రం నేను చూడలేదు. 1900 తర్వాత కనిపించకపోవడంతో అది అంతరించిందనే అనుకున్నారు. 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ స్థానికుల సాయంతో లంకమల పొదల్లో మళ్లీ కనుగొన్నారు. దానికోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. 2005లో ఆ ఆవాసంలోనే తెలుగు గంగ కాలువ తవ్వకం మొదలైంది. చెన్నైకి కృష్ణా నీళ్లిచ్చేదీ ఆ ప్రాజెక్టే. 1983 ఒప్పందం ప్రకారం ఏటా 12 టీఎంసీలు తమిళనాడు సరిహద్దు దాకా రావాలి. 1996లో మొదటిసారి చెన్నైకి తాగునీరిచ్చే పూండి జలాశయానికి చేరాయి. పరిశోధకులు అభ్యంతరం చెప్పాక ప్రభుత్వం కాలువ దారి మార్చడానికీ, పక్క భూమి కొని పక్షికి కేటాయించడానికీ ఒప్పుకుంది. అంటే ముందుగా చూస్తే దారి మార్చగలిగేదే.

ఆ పిట్టకు ఏం కావాలో కూడా లెక్కగట్టి చెప్పారు. హెక్టారుకు 300 నుంచి 700 దాకా రెండు మీటర్లకు మించిన పొదలు, వాటి మధ్య ఖాళీ నేల. చిన్న పొదలు మరీ కమ్ముకుంటే అది అక్కడ ఉండదు. మేకలు, గేదెలు ఓ మోస్తరుగా మేస్తేనే ఆ ఖాళీ మిగులుతుంది. అలాంటి చోట గుంతలు తీసి వరసగా చెట్లు నాటారనుకోండి, పరిహారం పేరుతో రెండో ఆవాసమూ పోయినట్టే. పొదల నేలను సర్కారు లెక్కల్లో బంజరు కింద రాసుకోవడం ఈ తప్పుకు మూలం. అడవి భూమి పోతే మొక్కలు పెంచాలన్న నియమం 1980 అటవీ సంరక్షణ చట్టం నుంచి వచ్చింది. ఆ మొక్కలు పెంచే నేలలో ఇప్పటికే ఏముందో చూసేవాళ్లు తక్కువ.

నీళ్లు వద్దనడం నా ఉద్దేశం కాదు. 2019 వేసవిలో మా వీధిలో ట్యాంకరు వెనక బిందె పట్టుకుని నిలబడ్డాను. కన్నన్‌కోట్టై, తేర్వాయ్ కండిగై చెరువులను కలిపి 2020లో తెరిచిన జలాశయం అర టీఎంసీదే అయినా ఈ నగరానికి అదీ కావాలి.

అందుకని మీరు ఈ జలాశయపు పర్యావరణ నివేదిక ప్రతి అడిగి తీసుకుని, ముందు సర్వే తేదీలు చూడండి. ఒక్క ఎండాకాలంలోనే చేసి ఉంటే వానాకాలంలో, రాత్రిపూట కూడా మళ్లీ చేయమని రాసివ్వండి. కట్ట లోపలివైపు కొంతమేరైనా లోతు తక్కువగా ఉండే ఏటవాలు అంచు వదలమనండి. పరిహారపు భూమి సర్వే నంబర్లు తెచ్చుకుని మీరే వెళ్లి చూడండి. అక్కడా పొదలే ఉంటే, చెట్లు నాటకుండా ఆ భూమిని అలాగే కాపాడమని పట్టుబట్టండి.

ఇంకొక్కటి. మీ వైపు మేకలు కాసేవాళ్లలో చాలామంది తెలుగే మాట్లాడతారు. ఏ నెలలో ఏ పిట్ట ఏ పొద కింద గుడ్లు పెడుతుందో వాళ్లకు తెలుసు, సర్వేకు వచ్చినవాళ్లు వాళ్లనే అడగరు. నేనూ అప్పుడు అడగలేదు. వాళ్లు చెప్పింది నెలలవారీగా, చోటు పేర్లతో రాసి వేలిముద్రలు తీసుకుని అర్జీతో జతచేయండి. అర్జీ ఇచ్చాక నకలు మీద ముద్ర వేయించుకోవడం మరవకండి.