మీరడిగారు: అమెరికాని కట్టింది పాస్టర్లా, ప్లీడర్లా?

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. వాళ్ళ ఆఫీసులో ఒకాయన అమెరికా క్రైస్తవ దేశంగానే పుట్టింది అంటాడట, ఇంకొకాయన కాదు మొదట్నించీ సెక్యులరే అంటాడట. ఎవరు కరెక్ట్ సార్? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇద్దరూ చెరి సగం కరెక్టేనండీ, ఎందుకంటే ఇద్దరూ వేర్వేరు మనుషుల గురించి మాట్లాడుతున్నారు. మొదటాయన చెప్తున్నది 1620లో ఇంగ్లండ్ నుంచి వచ్చి మేఫ్లవర్ ఓడ దిగినవాళ్ళ గురించి, రెండో ఆయన చెప్తున్నది 1787లో ఫిలడెల్ఫియాలో కూర్చుని రాజ్యాంగం రాసినవాళ్ళ గురించి, మధ్యలో 167 ఏళ్ళు గడిచిపోయాయి మరి.

మేఫ్లవర్‌లో 102 మంది ప్రయాణికులు, అందులో ఇంచుమించు సగం మందే మతం కోసం వచ్చినోళ్ళు, మిగతావాళ్ళు బతుకుతెరువు కోసం ఎక్కినోళ్ళు. అయినా 41 మంది మగవాళ్ళు ఓడలోనే సంతకాలు పెట్టిన ఒప్పందంలో దేవుడి మహిమ కోసం, క్రైస్తవ విశ్వాసాన్ని ముందుకు తీసుకెళ్ళడం కోసం ఈ ప్రయాణం అని సూటిగా రాసుకున్నారు. 1630లో జాన్ విన్‌త్రాప్ వెంట ప్యూరిటన్లు, అంటే ఇంగ్లండ్ చర్చిని ఇంకా శుద్ధి చేయాలన్న ప్రొటెస్టంట్లు, పెద్ద గుంపుగా మసాచుసెట్స్ వచ్చారు, ఆరేళ్ళకే హార్వర్డ్ పెట్టేశారు, రేపు మన సంఘాలకి చదువుకున్న పాస్టర్లు ఉండాలి కదా అని. కాబట్టి మొదటాయన మాట గాలి మాటేం కాదు.

అదే 1787 రాజ్యాంగం తీసి చూడండి, చివర్లో తేదీ వేసేటప్పుడు ఆనవాయితీగా 'మన ప్రభువు సంవత్సరంలో' అనడం తప్ప దేవుడి ఊసే లేదు, పైగా 6వ ఆర్టికల్‌లో ఏ ప్రభుత్వ పదవికీ మతాన్ని అర్హతగా పెట్టకూడదు అని రాశారు. ఆ సభలో 81 ఏళ్ళ బెంజమిన్ ఫ్రాంక్లిన్ లేచి రోజూ ప్రార్థనతో మొదలుపెడదామయ్యా అంటే, ముగ్గురో నలుగురో తప్ప ఎవరికీ అవసరం అనిపించలేదని ఆయనే కాగితం మీద రాసుకున్నాడు పాపం. 1797లో ఉత్తర ఆఫ్రికాలోని ట్రిపోలీతో చేసుకున్న ఒప్పందంలో అయితే అమెరికా ప్రభుత్వం ఏ రకంగానూ క్రైస్తవ మతం పునాది మీద కట్టింది కాదు అని ఉంది, సెనేట్ ఒప్పుకుంది, అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ సంతకం పెట్టాడు. అలాగని వీళ్ళంతా నాస్తికులు అనుకునేరు, 1776 స్వాతంత్ర్య ప్రకటన (డిక్లరేషన్) మీద సంతకం పెట్టినవాళ్ళలో జాన్ విదర్‌స్పూన్ స్వయానా ప్రెస్బిటేరియన్ పాస్టరు.

ప్రశ్న: మత స్వేచ్ఛ కోసమే సముద్రం దాటి వచ్చారని పిల్లలకి చెప్తుంటాం. వచ్చాక వేరేవాళ్ళకి ఆ స్వేచ్ఛ ఇచ్చారా? – ఒక టీచర్, కరీంనగర్

జవాబు: మసాచుసెట్స్‌లో అయితే ఇవ్వలేదు టీచర్ గారూ. రోజర్ విలియమ్స్ అనే పాస్టరు మనిషి మనస్సాక్షి మీద సర్కారుకి అధికారం లేదన్నాడు, రాజు కాగితం ఇచ్చినంత మాత్రాన ఇక్కడి తెగల భూమి మనదైపోదని కూడా అన్నాడు, 1635లో బహిష్కరించారు. మంచు కాలంలోనే కాలినడకన వెళ్ళిపోయి నారగాన్సెట్ తెగవాళ్ళ దగ్గర చోటు తీసుకుని ప్రావిడెన్స్ ఊరు కట్టాడు.

ఆయన నయం. మేరీ డయర్ అని క్వేకర్ (దేవుడి వెలుగు ప్రతి మనిషిలోనూ ఉందనే క్రైస్తవ శాఖ) ఆవిడ, 1659లో బోస్టన్‌లో ఉరికంబం దాకా తీసుకెళ్ళారు, కూడా ఉన్న ఇద్దర్ని ఆవిడ కళ్ళముందే ఉరితీసి ఈవిడని మాత్రం మళ్ళీ ఈ ఛాయలకి రావద్దని పంపించేశారు, తర్వాతి ఏడాది ఆవిడ మళ్ళీ వచ్చింది, ఈసారి నిజంగానే ఉరితీశారు. ఇప్పుడు అదే బోస్టన్‌లో స్టేట్ హౌస్ ముందు ఆవిడ విగ్రహం ఉంది. ఇంకో విషయం, 1659 నుంచి 1681 దాకా అక్కడ క్రిస్మస్ చేసుకుంటే 5 షిల్లింగులు జరిమానా! బైబిల్లో అలాంటి పండగ ఎక్కడుంది అని వాళ్ళ వాదన.

ప్రశ్న: చర్చికీ ప్రభుత్వానికీ మధ్య గోడ కట్టింది దేవుణ్ణి నమ్మని జెఫర్సన్ అంటారు, నిజమేనా? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: గోడ అన్న మాట వాడింది మూడో అధ్యక్షుడైన ఆ జెఫర్సనే గానీ కట్టమని పోరుపెట్టినవాళ్ళలో భక్తులు చాలామంది ఉన్నారమ్మా, ఈ సంగతి రెండు పక్షాలవాళ్ళూ మర్చిపోతుంటారు. వర్జీనియాలో ఆంగ్లికన్ చర్చి (ఇంగ్లండ్ చర్చి) సర్కారీ చర్చి, లైసెన్స్ లేకుండా ప్రసంగాలు చేస్తున్నారని బాప్టిస్టు బోధకుల్ని జైల్లో వేసేవాళ్ళు, కల్పెపర్ జైల్లో జేమ్స్ ఐర్లాండ్ అనే ఆయన కిటికీ ఊచల్లోంచే బయట నిలబడ్డ జనానికి వాక్యం చెప్పాడు. ఈ అరెస్టుల మీద కుర్రవాడైన జేమ్స్ మాడిసన్‌కి (తర్వాత రాజ్యాంగం రాయడంలో ముఖ్యుడు ఈయనే) ఒళ్ళు మండింది. తర్వాత 1784లో వర్జీనియా నాయకుడు పాట్రిక్ హెన్రీ క్రైస్తవ బోధకుల జీతాల కోసం పన్ను వేద్దామంటే, మాడిసన్ ఎదురు తిరిగాడు, బాప్టిస్టులు కూడా మాకొద్దీ సర్కారు సొమ్ము అని పిటిషన్లు పెట్టారు, చివరికి 1786లో జెఫర్సన్ రాసిన మత స్వేచ్ఛ చట్టం పాసైంది.

1802 జనవరి 1న జెఫర్సన్ కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులకి రాసిన ఉత్తరంలో ఆ గోడ మాట వస్తుంది. తమాషా ఏంటంటే సరిగ్గా అదే రోజు మసాచుసెట్స్‌లోని చెషైర్ ఊరి బాప్టిస్టు రైతులు అభిమానంతో చేసిన చీజ్ ముద్దని పాస్టర్ జాన్ లేలాండ్ ఆయనకి అందించాడు, బరువు 1,235 పౌన్లు, అంటే 560 కిలోలు! రెండ్రోజులాగి ఆదివారం అదే లేలాండ్ ప్రతినిధుల సభ హాల్లో ప్రసంగం చేస్తే జెఫర్సన్ వెళ్ళి కూర్చుని విన్నాడు. అలాగని ఆయన భక్తుడు అనలేం, సువార్తల్లోంచి యేసు బోధలు కత్తిరించి అతికించుకుని అద్భుతాలు, పునరుత్థానం వదిలేసి సొంత పుస్తకం ఒకటి చేసుకున్నాడు, అది ఇప్పటికీ స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది.

ప్రశ్న: మాది బాప్టిస్టు సంఘమే. మీరు చెప్పే అమెరికా బాప్టిస్టులకీ మాకూ ఏమైనా చుట్టరికం ఉందా? – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: దగ్గరి చుట్టరికమే. రోజర్ విలియమ్స్ 1638లో ప్రావిడెన్స్‌లో మొదలుపెట్టిన సంఘాన్నే అమెరికాలో మొదటి బాప్టిస్టు సంఘం అంటారు. ఆ దేశపు బాప్టిస్టులే 1840లో నెల్లూరులో మిషన్ పెట్టారు, తర్వాత మీ ఒంగోలుకి జాన్ క్లౌ దొర వచ్చాడు. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి పని ఇచ్చాడు, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఊహ తెలిసినవాళ్ళు తమ నోటితో ఒప్పుకుంటేనే బాప్తిస్మం అనే మీ పద్ధతి ఉంది చూశారూ, విశ్వాసాన్ని సర్కారు ఎవరి మీదా రుద్దకూడదని బాప్టిస్టులు అంత గట్టిగా పట్టుబట్టడానికి మూలం అక్కడే ఉంది.

ప్రశ్న: డాలర్ నోటు మీద 'ఇన్ గాడ్ వి ట్రస్ట్' అని వాషింగ్టన్ వాళ్ళే రాయించారా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కాదు బాబూ, వాషింగ్టన్ పోయిన చాన్నాళ్ళకి, అంతర్యుద్ధం నడుస్తుండగా 1864లో 2 సెంట్ల నాణెం మీద మొదటిసారి వేశారు. నోట్ల మీదకి ఎక్కింది 1957లో, రష్యాతో కోల్డ్ వార్ టైంలో.