హోర్డింగ్ కింద నిలబడ్డవాళ్ళు నిరుద్యోగులు కాదు, వరద బాధితులు

మీ అమ్మాయి స్కూల్ ప్రాజెక్టుకి 1930ల అమెరికా ఆర్థిక మాంద్యం ఫోటోలు కావాలన్నారు. పెద్ద హోర్డింగ్ కింద నల్లజాతివాళ్ళు వరసలో నిలబడ్డ ఫోటోని "రొట్టె కోసం నిరుద్యోగుల క్యూ" అని రాసి పెట్టొచ్చా అని అడిగారు. అలా రాయకండి. అది వరద ఫోటో.

ఈ పొరపాటు నేనూ చేశాను. చాలా ఏళ్ళ కిందట ఒక పత్రిక ఆదివారం అనుబంధంలో పనిచేస్తుండగా మాంద్యం మీద వచ్చిన వ్యాసానికి ఇదే ఫోటో వేసి, కింద ఇంచుమించు ఇదే వ్యాఖ్య రాశాను. వారం తిరక్కుండా ఒక రిటైర్డు మాస్టారి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. "బాబూ, వాళ్ళ చేతుల్లో ఏమున్నాయో చూశావా?" అని ఒక్కటే ప్రశ్న. చూశాను. బకెట్లు, బుట్టలు, సంచులు. ఒక పూట తినడానికి వచ్చినవాళ్ళకి అన్నెందుకు? ఇంటిల్లిపాదికీ సామాను పట్టుకెళ్ళడానికి వచ్చారు వాళ్ళు.

1937 జనవరిలో ఓహియో నది పొంగింది. కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ నగరం 70 శాతం మునిగింది. దాదాపు లక్షా 75 వేల మంది ఇళ్ళు వదిలి వెళ్ళాల్సి వచ్చింది. అప్పటికి లైఫ్ అనే ఫోటోల వారపత్రిక పుట్టి మూడు నెలలు కూడా కాలేదు. వాళ్ళ ఫోటోగ్రాఫర్ మార్గరెట్ బర్క్-వైట్ అక్కడికి వెళ్ళి, దారినపోయే పడవలెక్కి తిరుగుతూ ఫోటోలు తీశారు. సహాయ కేంద్రం దగ్గర తీసిన ఈ ఫోటో ఫిబ్రవరి 15 సంచికలో వచ్చింది. వెనకున్న హోర్డింగ్ పరిశ్రమల యజమానుల సంఘం వేయించినది: కారులో నవ్వుతున్న తెల్లవాళ్ళ కుటుంబం, ఒక కుక్క, పైన "ప్రపంచంలోకెల్లా అత్యున్నత జీవన ప్రమాణం" అని. పైన ఆ బొమ్మకీ కింద ఈ వరసకీ ఉన్న తేడా ఎంత బలంగా ఉందంటే, చూసేవాళ్ళకి వరద గుర్తే రాదు. అలా అది మాంద్యానికి బొమ్మైపోయింది.

నాకు ఇది ఇంతగా ఎందుకు పట్టిందో చెప్పాలి. 1986 ఆగస్టులో గోదావరి గట్టు తెగి మా ఊళ్ళోకి నీళ్ళొచ్చాయి. భద్రాచలంలో 75 అడుగులు దాటిన ఏడు అది. మమ్మల్ని పక్క ఊరి హైస్కూల్లో పెట్టారు. మా అమ్మమ్మ సత్తు గిన్నె పట్టుకుని అన్నం వరసలో నిలబడింది. ఎవరో కెమెరాతో వస్తే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఇంట్లో గాదె నిండా దాళ్వా వడ్లున్నాయి, నీళ్ళలో నానుతూ. ఆ ఫోటో ఎక్కడైనా అచ్చయి, కింద "పేదలు" అని రాసి ఉంటే ఆవిడ ఎంత బాధపడేదో నాకు తెలుసు.

అయితే మాంద్యానికీ ఆ వరదకీ సంబంధం లేదని కాదు. అది తెలియాలంటే మీ అమ్మాయికి ఆర్కన్సా రాష్ట్రంలోని ఫారెస్ట్ సిటీ ఫోటోలు చూపించండి. అదే వరద, అదే ఫిబ్రవరి. ఊరు మెరక మీద ఉండడంతో చుట్టుపక్కల పల్లపు పత్తి చేలవాళ్ళు అక్కడికి చేరారు. వాళ్ళలో చాలామంది పంటలో వాటాకి దొరల భూమి చేసేవాళ్ళు, వరద రాకముందే అప్పుల్లో ఉన్నవాళ్ళు. తెల్లవాళ్ళకో శిబిరం, నల్లవాళ్ళకో శిబిరం. ప్రభుత్వ పునరావాస శాఖ తరఫున వాకర్ ఎవాన్స్ వెళ్ళి తీశారు. ఒక ఫోటోలో భోజనాల వరస ఉంటుంది గానీ మొహాలుండవు. నడుం దగ్గర నలిగిన కోట్లు, చేతుల్లో ఖాళీ పళ్ళాలు, అంతే. ఇంకో దాంట్లో శిబిరం ఆసుపత్రిలో ఒకామె బొంత కప్పుకుని పడుకుని ఉంటుంది. నాకైతే హోర్డింగ్ ఫోటో కంటే ఈ పళ్ళాల ఫోటోయే ఎక్కువ గుర్తుండిపోయింది.

ఇవి అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి. ప్రభుత్వ జీతం మీద తీసినవి కాబట్టి వాడుకోవడానికి హక్కుల గొడవ ఉండదు. హోర్డింగ్ ఫోటో అలా కాదు, అది లైఫ్ పత్రిక సొంతం. ఫారెస్ట్ సిటీ, 1937 అని వెతకండి. ఒక ఫోటో దొరగ్గానే ఆగిపోకుండా, దాని నెంబరుకి ముందూ వెనకా ఉన్న ఫోటోలు కూడా తెరవండి. డేరాలు, మంచాలు, వంటల చోటు వరసగా కనిపిస్తాయి. కొన్నిటి మధ్యలో నల్లటి గుండ్రని మచ్చ ఉంటే కంగారుపడకండి. ఆ పునరావాస శాఖలో ఫోటోల విభాగానికి పెద్ద రాయ్ స్ట్రైకర్ వద్దనుకున్న నెగటివ్‌లకి చిల్లు పొడిపించేవారు, అది ఆ చిల్లే.

హోర్డింగ్ ఫోటో కూడా పెట్టాలని మీ అమ్మాయి పట్టుబడితే, కింద ఇలా రాయమనండి: "1937 ఫిబ్రవరి, లూయీవిల్. ఓహియో నది వరదలో ఇళ్ళు మునిగినవాళ్ళు సహాయ కేంద్రం దగ్గర సామాను కోసం నిలబడ్డారు. అప్పటికి దేశంలో మాంద్యం మొదలై ఎనిమిదో ఏడు."