బ్యాక్టీరియాతో బట్ట: బైపీసీ విద్యార్థినికి దారి ఏది?

ప్రశ్న: మాది సిరిసిల్ల. సొంతంగా కొన్ని మరమగ్గాలు నడుపుతున్నాం, అన్నీ పాలిస్టర్ బట్టే. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. నీట్ రాయనంటోంది. బ్యాక్టీరియాతో సెల్యులోజ్ పెంచి బట్ట తయారుచేసే రంగంలోకి వెళ్తానంటోంది. ఇంట్లో కొంబుచా (పులియబెట్టిన తీపి టీ) పెట్టి, పైన కట్టిన పొరను ఎండబెట్టి చూపించింది. అది అట్టలా గట్టిగా ఉంది. దాంతో బట్ట ఎలా నేస్తారో నాకు అర్థం కావడం లేదు. ఇలాంటి కోర్సు ఎక్కడైనా ఉందా? చదివితే ఉద్యోగం వస్తుందా?
– ఒక తండ్రి

జవాబు: మీకు వచ్చిన అనుమానమే ఈ రంగంలో అసలు చిక్కు. ఆ ఎండిన పొరను ఎవరూ మగ్గం ఎక్కించలేరు. పొర నుంచి పోగు దాకా ఉన్న దూరంలోనే కష్టమైన పనంతా ఉంది. మీ అమ్మాయి చదువును ఆ దూరాన్ని చూసి ఎంచుకోవాలి తప్ప కోర్సు పేరు చూసి కాదు. 'మైక్రోబియల్ సెల్యులోజ్' పేరుతో డిగ్రీ కోసం వెతకొద్దు. ఫెర్మెంటేషన్‌లో, అంటే సూక్ష్మజీవులను పెంచి సరుకు తీసే విద్యలో, గట్టి పునాది వేసుకుని, దానిపైన పాలిమర్, ఫైబర్ చదువు చేర్చుకోవడమే సరైన దారి.

ముందు ఆ పొర సంగతి. కొమగటైబ్యాక్టర్ జైలినస్ అనే బ్యాక్టీరియా చక్కెరను తిని సెల్యులోజ్‌ను బయటికి వదులుతుంది. ఏడ్రియన్ బ్రౌన్ 1886లోనే దీన్ని వర్ణించాడు. పత్తిలో ఉండే సెల్యులోజే ఇది. కలపలో మాదిరిగా లిగ్నిన్, హెమిసెల్యులోజ్ ఉండవు. ఈ బ్యాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి కాబట్టి గాలి తగిలే పైభాగంలో పాల మీద మీగడలా పొర కడుతుంది. అందులో 98, 99 శాతం నీరే. సెంటీమీటరు మందం పొరలో ఒక శాతం సెల్యులోజ్ ఉందనుకుంటే, ఎండాక చదరపు మీటరుకు మిగిలేది 100 గ్రాములు. మీ లెక్కలో చెప్పాలంటే 100 జీఎస్ఎం. అందుకే అంత లావు పొర ఎండాక కాగితమంత పలచనైంది.

ఇక్కడి నుంచి రెండు దారులు చీలతాయి. ఒకటి, పొరను పొరగానే వాడి తోలుకు బదులుగా అమ్మడం. కేరళలో మలయ్ అనే సంస్థ కొబ్బరి నీళ్ళతో, మెక్సికోలో పాలీబయాన్ పండ్ల వ్యర్థాలతో ఈ పని చేస్తున్నాయి. రెండోది, సెల్యులోజ్‌ను కరిగించి మళ్ళీ పోగుగా తీయడం. ఆస్ట్రేలియాకు చెందిన నానోలోస్ సంస్థ మన బిర్లా సెల్యులోజ్‌తో కలిసి 'నల్లార్బర్' పేరుతో లయోసెల్ పోగు తీసింది. మీ మగ్గాల దాకా వచ్చేది ఈ రెండో దారిలోని సరుకే.

ఈ రెండో దారిలో ఏం జరుగుతుందో మీ అమ్మాయి బాగా తెలుసుకోవాలి. లయోసెల్ పద్ధతిలో సెల్యులోజ్‌ను ఎన్ఎంఎంఓ అనే ద్రావకంలో సుమారు 100 డిగ్రీల దగ్గర కరిగిస్తారు. తేనెకన్నా చిక్కటి ఆ ద్రావణాన్ని స్పిన్నరెట్ అనే సన్నని రంధ్రాల బిళ్ళ గుండా నెట్టి, కాస్త గాలిలో సాగదీసి, నీళ్ళ తొట్టిలోకి దించుతారు. అక్కడ పోగు గట్టిపడుతుంది. ద్రావకాన్ని 99 శాతానికి పైగా తిరిగి రాబట్టుకుంటారు. విస్కోస్ (రేయాన్) తయారీలో వాడే విషపూరితమైన కార్బన్ డైసల్ఫైడ్ ఇందులో ఉండదు.

వినడానికి సులువే, కానీ బ్యాక్టీరియా సెల్యులోజ్‌తో మూడు చోట్ల దెబ్బ తగులుతుంది. మొదటిది గొలుసు పొడవు. కలప గుజ్జులో ఒక్కో సెల్యులోజ్ గొలుసుకు గ్లూకోజ్ యూనిట్లు వందల్లో ఉంటే ఇందులో వేలల్లో ఉంటాయి. అలాగే కరిగిస్తే ద్రావణం మరీ చిక్కబడి రంధ్రాల గుండా కదలదు. యాసిడ్‌తోనో ఎంజైమ్‌తోనో గొలుసును తుంచాలి. ఎక్కువ తుంచితే పోగు బలం పోతుంది. రెండోది ఎండబెట్టడం. ఒకసారి పూర్తిగా ఎండితే లోపలి సన్నని పోగులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, మళ్ళీ నానబెట్టినా మునుపటిలా విడవవు. ద్రావకం లోపలికి వెళ్ళక ఉండలు మిగులుతాయి, అవి స్పిన్నరెట్‌ను మూసేస్తాయి. మూడోది శుభ్రత. ఇనుము, రాగి అయాన్లు మిగిలిపోతే వేడికి ఎన్ఎంఎంఓ విడిపోవడం వేగం పుంజుకుంటుంది, అదుపు తప్పితే పేలుడు దాకా వెళ్తుంది. దాన్ని ఆపడానికే ప్రొపైల్ గాలేట్ అనే రసాయనం కలుపుతారు. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ బ్యాక్టీరియాను బాగా పెంచినంత మాత్రాన తీరేది కాదు.

పరిమాణం లెక్క కూడా చూడండి. కదిలించకుండా పెంచితే లీటరు ద్రవానికి 5 గ్రాముల పొడి సెల్యులోజ్ వస్తే మంచి దిగుబడే. అంటే ఒక టన్నుకు రెండు లక్షల లీటర్లు. పోనీ పెద్ద ట్యాంకులో కలియతిప్పుదామంటే పొర బదులు ఉండలు కడతాయి, సెల్యులోజ్ చేయని మ్యూటెంట్లు (జన్యువు మారిన బ్యాక్టీరియా) పెరిగి దిగుబడి పడిపోతుంది. ఈ రంగం ఇంకా చిన్నదిగా ఉండటానికి నా దృష్టిలో ముఖ్య కారణం ఇదే. కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్ముకుని చదవడం తెలివైన పని కాదు.

ఇక చదువు. బైపీసీతో బీటెక్ టెక్స్‌టైల్ టెక్నాలజీ కుదరదు. ఉస్మానియా టెక్నాలజీ కాలేజీలో ఆ కోర్సు ఉంది గానీ ఎంపీసీ వాళ్ళకే. వరంగల్ నిట్‌లో బయోటెక్‌కూ జేఈఈ, మ్యాథ్స్ కావాలి. మీ అమ్మాయికి తెరిచి ఉన్న మంచి తలుపు ఈఏపీసెట్ అగ్రికల్చర్, ఫార్మసీ విభాగం రాసి, బైపీసీ కౌన్సెలింగ్‌లో బీటెక్ బయోటెక్నాలజీ తీసుకోవడం. మొదటి ఏడాది మ్యాథ్స్ ఇబ్బంది పెడుతుంది. ఈ వేసవిలోనే డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్, లాగరిథమ్స్ నేర్చుకోమనండి. బ్యాక్టీరియా పెరుగుదల లెక్కలు, బయోరియాక్టర్ డిజైన్ అన్నీ వీటిమీదే నడుస్తాయి. బీటెక్ రాకపోతే మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ రెండూ ఉన్న బీఎస్సీ చాలు. కెమిస్ట్రీ లేని కాంబినేషన్ మాత్రం తీసుకోవద్దు, పాలిమర్ వైపు వెళ్ళే దారి అక్కడే మూసుకుపోతుంది. బట్ట వైపే మనసుంటే వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద సైఫాబాద్‌లో కమ్యూనిటీ సైన్స్ కాలేజీ ఉంది. అక్కడ బైపీసీతో చేరి, పీజీలో అపారెల్ అండ్ టెక్స్‌టైల్స్ వైపు వెళ్ళొచ్చు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు బ్రోచర్ పక్కన పెట్టి ల్యాబ్ చూడండి. ఫెర్మెంటర్ (సూక్ష్మజీవులను పెంచే ట్యాంకు) ఉందా అని అడిగితే అందరూ ఉందనే అంటారు. చివరి బ్యాచ్ ఎప్పుడు నడిపారు, స్టెరిలైజేషన్ ఎలా చేస్తారు, ఆక్సిజన్ ప్రోబ్ పనిచేస్తోందా అని అడగండి. మూడో, నాలుగో సంవత్సరం విద్యార్థులను విడిగా కలిస్తే నిజం తెలుస్తుంది.

డిగ్రీ తర్వాత బయోటెక్ పీజీకి గాట్-బి, ఎంటెక్‌కు గేట్ ప్రవేశ పరీక్షలు ఉన్నాయి. గేట్‌లో బయోటెక్నాలజీకి బీటీ, టెక్స్‌టైల్, ఫైబర్ సైన్స్‌కు టీఎఫ్ పేపర్లు. ఐఐటీ ఢిల్లీలో టెక్స్‌టైల్ అండ్ ఫైబర్ ఇంజినీరింగ్ విభాగం, ముంబై ఐసీటీ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ)లో ఫైబర్స్ విభాగం ఈ పనికి తగినవి. ఏ డిగ్రీ వాళ్ళను తీసుకుంటారో విభాగాన్ని బట్టి మారుతుంది కాబట్టి రెండో ఏడాదిలోనే ఆ అర్హతల జాబితా చూసి ఎలక్టివ్స్ ఎంచుకోవాలి. విదేశాలకు వెళ్ళాలనుకుంటే ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయం లాంటి చోట, అంటే ఐయోన్‌సెల్ పేరుతో సెల్యులోజ్ పోగు తీస్తున్న చోట, జీతమిచ్చే పీహెచ్‌డీకి ప్రయత్నించాలి. 'సస్టైనబుల్ ఫ్యాషన్' అని పేరు పెట్టుకున్న ఎంఎస్‌కు లక్షల అప్పు చేయడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

కొంబుచా ప్రయోగాన్ని ఆపమనకండి, దాన్ని లెక్కల్లోకి తెమ్మనండి. ఇంట్లో అయితే లీటరు నీటికి 5 నుంచి 10 గ్రాముల టీ, 80 నుంచి 100 గ్రాముల చక్కెర, ముందు పెట్టిన కొంబుచా ద్రవం 100 మిల్లీలీటర్లు సరిపోతాయి. గది 28, 30 డిగ్రీలుండాలి. మే నెల ఎండలకు 40 దాటితే పెరుగుదల మందగిస్తుంది. మూత బిగించకుండా గుడ్డ కట్టాలి. పాత్రను కదిపితే పొర మునిగి పైన కొత్త పొర మొదలవుతుంది, ఎండాక అవి ఊడిపోతాయి. ఆకుపచ్చని, నల్లని చుక్కలు కనిపిస్తే బూజు, మొత్తం పారబోయాలి.

కాలేజీ ల్యాబ్‌లో మాత్రం 1954 నాటి హెస్ట్రిన్–ష్రామ్ మీడియంతో (బ్యాక్టీరియాను పెంచే ద్రావణంతో) మొదలుపెట్టాలి. లీటరుకు గ్లూకోజ్ 20 గ్రాములు, పెప్టోన్ 5, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 5, డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 2.7, సిట్రిక్ యాసిడ్ 1.15, పీహెచ్ 6. సూక్ష్మజీవులను భద్రపరిచే కేంద్రాలైన పుణెలోని ఎన్‌సీఐఎం, చండీగఢ్‌లోని ఎంటీసీసీ నుంచి కాలేజీ పేరుమీద బ్యాక్టీరియా కల్చర్ తెప్పించుకోవచ్చు. వారం పది రోజుల్లో పొర కడుతుంది. పీహెచ్ రోజూ రాయాలి. గ్లూకోజ్‌లో కొంత గ్లూకోనిక్ యాసిడ్‌గా మారి పీహెచ్ పడిపోతుంది, దిగుబడి తగ్గడానికి చాలాసార్లు అదే కారణం. పొరను లీటరుకు 4 గ్రాముల కాస్టిక్ సోడా కలిపిన నీటిలో 80 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే బ్యాక్టీరియా, రంగు పోయి తెల్లబడుతుంది. తర్వాత పీహెచ్ 7 వచ్చేదాకా కడగాలి. ఈ పనికి స్టీలు గిన్నె వాడాలి. అల్యూమినియం గిన్నెతో కాస్టిక్ కలిస్తే హైడ్రోజన్ వాయువు వస్తుంది. రక్షణ కళ్ళజోడు, గ్లవ్స్, పక్కన లెక్చరర్ లేకుండా ఇది చేయకూడదు.

ఎండాక బరువు, మందం, తెగే బలం, నీరు పీల్చే శాతం కొలవాలి. బలం పరీక్షకు ముందు నమూనాను 27 డిగ్రీలు, 65 శాతం తేమలో ఉంచాలి, లేకపోతే అంకెలు రోజుకొకలా వస్తాయి. పొడి బలంతో పాటు తడి బలం తప్పనిసరి. పత్తి తడిస్తే బలపడుతుంది, విస్కోస్ దాదాపు సగం బలం కోల్పోతుంది. మీ అమ్మాయి చూపించిన అట్ట మెత్తబడాలంటే గ్లిజరిన్ పట్టించొచ్చు కానీ ఉతికితే అది నీళ్ళలో పోయి మళ్ళీ బిగుస్తుంది. నీరు ఆగాలని పాలీయురేథేన్ పూత వేస్తే మట్టిలో కలిసిపోయే గుణం దెబ్బతింటుంది. 'పర్యావరణ హితం' అనే ముందు చక్కెర ఎక్కడిది, నీరెంత, వేడెంత, కాస్టిక్ నీళ్ళు ఎటు పోతాయి అని అడగడం ఆమెకు అలవాటు కావాలి. కోనసీమలో కొబ్బరి కొట్టేటప్పుడు పారబోసే నీళ్ళతో పెంచితే లెక్క ఒకలా, పంచదార కొని పెంచితే మరోలా ఉంటుంది.

ఉద్యోగాల మాట. బ్యాక్టీరియా సెల్యులోజ్ పోగు మీదే పనిచేసే కొలువులు ఇవాళ దేశంలో చాలా తక్కువ. కానీ ఇందుకోసం నేర్చుకునే ఫెర్మెంటేషన్, శుద్ధి, బ్యాచ్ రికార్డులు రాయడం హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని టీకా, బయోఫార్మా కంపెనీల్లో రోజూ అవసరమయ్యే పనులే. ఫైబర్ చదువు కలిస్తే నాగ్దా, హరిహర్, ఖరచ్, విలాయత్‌లలోని గ్రాసిమ్ (బిర్లా సెల్యులోజ్ దీనిదే) ప్లాంట్లు, కోయంబత్తూరు సిట్రా, ముంబై సిర్కాట్ లాంటి పరిశోధన సంస్థల వైపు చూడొచ్చు. సొంత సంస్థ పెట్టాలనుకుంటే కేంద్ర ప్రభుత్వ బయోటెక్ సంస్థ బైరాక్ వారి బిగ్ పథకం కింద 50 లక్షల దాకా గ్రాంటు ఉంది, హైదరాబాద్ ఐకేపీ నాలెడ్జ్ పార్క్ ద్వారా దరఖాస్తు చేయొచ్చు. అది చేతిలో కొలతలున్నాక మాట.

మీరు చేయగలిగిన సాయం ఒకటుంది. మార్కెట్లో దొరికే లయోసెల్ నూలు కొంచెం కొని, పాలిస్టర్ పడుగు మీద పేకగా వేసి ఒక ముక్క నేయించండి. పడుగు మీద లాగుడు, రాపిడి ఎక్కువ కాబట్టి కొత్త నూలును ముందు పేకలోనే పరీక్షిస్తారు. ఎన్నిసార్లు తెగింది, తడిపి రుద్దితే నూగు ఎంత లేచింది అన్నది మీ అమ్మాయి చేతే రాయించండి. లయోసెల్‌కు తడిలో నూగు లేచే గుణముంది, ఎంత లేస్తుందన్నది నూలును, ఫినిషింగ్‌ను బట్టి ఉంటుంది. డిగ్రీ రెండో ఏట సిట్రాకో సిర్కాట్‌కో ఇంటర్న్‌షిప్ కోసం రాసేటప్పుడు ఆ ముక్క ఫొటో, ఆ పట్టిక, కొంబుచా పొర కొలతలు కలిపి రెండు పేజీల్లో పంపమనండి.